చుక్కల్లో లారీల సీరియలు

శనివారం పొద్దున ప్రేమకుమారి వేసుకున్న పథకంలో లారీల ఊసే లేదు. ఇడ్లీలు ఉన్నాయి, ఒంటిపూట బడి ఉంది, బడి అయ్యాక కంప్యూటరు గదిలో రెండు గంటల పని ఉంది. ఆదివారం చర్చి. సోమవారం పదకొండింటికి గుంటూరు నుంచి విద్యాశాఖ డిప్యూటీ గారు వస్తారు, చూస్తారు, మెచ్చుకుంటారు, పోతారు. అంతే పథకం. ఇంత చిన్న పథకానికి అడ్డం పడేవాడు ఎవడుంటాడు? ఎదురుగా కూర్చుని ఆరో ఇడ్లీ తింటున్న మొగుడు ఉంటాడు!

ప్రేమకుమారి మాచర్లలో ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. రెండేళ్ళ కిందట, అంటే ఎనభై అయిదులో, ప్రభుత్వం వారు జిల్లాలో కొన్ని బడులకు కంప్యూటర్లు పంపిస్తే, ఏ దేవుడు కరుణించాడో గానీ ఒకటి ఈ బడికి వచ్చింది. దానికి ప్రత్యేకంగా గది ఇచ్చారు. కొబ్బరికాయ కొట్టారు, బొట్టు పెట్టారు, 'చెప్పులు బయట విడువవలెను' అని బోర్డు రాశారు, తాళం వేశారు. ఆ తాళంచెవి పుచ్చుకోమంటే మాత్రం మగ పంతుళ్ళంతా గోడలు చూశారు. పాడైపోతే ఎవరు జవాబు చెప్పుకోవాలి? చివరికి ప్రేమకుమారి చెయ్యి చాపింది. ఆ రోజు నుంచీ ఆ పెట్టె ఆమెకు ప్రాణమైపోయింది.

నాలుగు నెలలు కూర్చుని ఆమె దానిలో ఒక ఆట తయారు చేసింది. ఆకాశంలో ఎర్ర రాజు, నీలి రాజు అని ఇద్దరుంటారు. వంతులవారీగా యుద్ధ ఓడలు కట్టి, గ్రహాల మీదికి పంపి, ఎత్తుకు పైఎత్తు వేసుకుంటారు. ఓడను పంపాలంటే అడ్డంగా ఎన్ని గళ్ళు, నిలువుగా ఎన్ని గళ్ళు అని లెక్క చెప్పాలి. పుస్తకంలో నిరూపకాలు అంటే నిద్రపోయే పిల్లలు ఎర్ర రాజును కొట్టడానికి వాటిని ఎగబడి నేర్చుకున్నారు. ఇంతలో గుంటూరు నుంచి ఉత్తరం వచ్చింది: మారుమూల బడుల్లో వృథాగా పడివున్న యంత్రాలను తనిఖీ చేసి, ఉపయోగం లేదని తేలితే జిల్లా కేంద్రానికి తరలిస్తారట. ఆ తనిఖీయే సోమవారం. డిప్యూటీ గారు తల ఊపితే పెట్టె ఉంటుంది, పెదవి విరిస్తే పోతుంది.

"ఏమే ప్రేమా, నిన్నటి నుంచీ నాకొక సందేహం," అన్నాడు సుందరరావు.

"ఏందండీ?"

"నీ ఆటలో రెండు పక్కలా కలిపి సిపాయిలు ఎంతమంది?"

"నలభై వేలు."

"ఆళ్ళకి బియ్యం ఎవరు తెస్తున్నారు?"

ప్రేమకుమారి చేతిలో చట్నీ గరిటె ఆగిపోయింది.

"బియ్యం పోనీ, ఉప్పు? మిరపకాయలు? కోటలు కట్టడానికి సిమెంటు, నాపరాళ్ళు? ఒక్క లారీ అన్నా లేదేందే నీ ఆకాశంలో! ఎటు చూసినా పోలీసు జీపులే. జనం లేని ఊళ్ళో కర్ఫ్యూ పెట్టినట్టుంది."

ఆమెకు కోపం వచ్చింది. నాలుగు నెలల కష్టాన్ని నాలుగు మాటల్లో తీసిపారేస్తే ఎవరికి రాదు? కానీ చీర మార్చుకునేసరికి కోపం తగ్గింది, చెప్పులు తొడుక్కునేసరికి ఆయన చెప్పింది నిజమే అనిపించింది. గుంటూరు వాళ్ళు కూడా అదే అడిగితే? యుద్ధాలు తప్ప జనానికి పనికొచ్చే ముక్క ఒకటి లేదంటే?

"సరే, పెడతాను. ఒక పది సరుకుల ఓడలు. పేర్లు చెప్పండి."

సుందరరావు లారీ ఓనర్ల సంఘం ఆఫీసులో గుమాస్తా. పదిహేనేళ్ళుగా ఆయన చేసే పని ఒక్కటే. స్టాండులోకి ఏ బండి ముందొస్తే దాని పేరు ముందు రాస్తాడు. లోడు వచ్చిందంటే మొదటి పేరుకే ఇవ్వాలి. మొదటి బండి కదిలితేనే రెండో బండికి వంతు. మొదటి బండివాడు క్షవరానికి పోయినా సరే, వాడు వచ్చేదాకా రెండోవాడు లోడును చేత్తో ముట్టకూడదు. ఈ వరసనే సీరియలు అంటారు. దాని కోసం మాచర్ల స్టాండులో తలకాయలు పగిలిన రోజులున్నాయి. కాబట్టి పది పేర్లు చెప్పమంటే సుందరరావు నోటికి వచ్చేవి ఇంకేముంటాయి? "అంకమ్మ తల్లి, మదీనా, పల్నాటి సింహం..." అంటూ ఆ రోజు సీరియల్లో ఉన్న పది లారీల పేర్లూ వరసగా అప్పజెప్పేశాడు.

మధ్యాహ్నానికి పది లారీలూ ఆకాశానికెక్కాయి. తెర మీద ఒక్కో లారీ ఒక్కో ఇంగ్లీషు అక్షరం. గ్రహాల మీద లోడు తయారైనప్పుడల్లా, ఏ బండికి ఇవ్వాలో పెట్టె తనంతట తనే కళ్ళు మూసుకుని ఒక పేరు తీస్తుంది. అన్నం క్యారేజీ తెచ్చిన సుందరరావు చెప్పులు విడిచి వచ్చి, పక్కన నిలబడి చూశాడు. షబ్బీరు బండి 'మదీనా'కు వరసగా మూడు లోడ్లు వచ్చాయి. రత్తమ్మ బండి 'అంకమ్మ తల్లి'కి ఒక్కటీ రాలేదు సరిగదా, దారిన పోతూ పోతూ ఎర్ర రాజు వేసిన బాణాసంచా ఒకటి వచ్చి తగిలింది.

"ఓర్నాయనో! రత్తమ్మ బండి పేలిపోయిందే!" అని ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు.

నవ్వి ఊరుకుంటే కథ లేదు. సుందరరావు మంచివాడే గానీ నోట్లో నువ్వుగింజ నానదు. స్టాండు దగ్గర టీ తాగుతూ, మన బండ్లు చుక్కల్లో తిరుగుతున్నాయని, షబ్బీరుకు మూడు లోడ్లు తగిలాయని, రత్తమ్మ బండికి దెబ్బ తగిలిందని పదిమందికి చెప్పాడు. టీ చల్లారేలోపల ఆ మాట పంచరు షాపు దాటి, వెల్డింగు షాపు దాటి, రత్తమ్మ ఇంటికి చేరింది.

రత్తమ్మకు యాభై దాటాయి. మొగుడు పోతూ పోతూ ఆమెకు ఇచ్చిపోయింది ఒక్క లారీ. దాన్ని పన్నెండేళ్ళుగా ఆమే నడిపిస్తోంది. స్టీరింగు పట్టదుగానీ, డ్రైవరు బ్రేకు తొక్కితే ఏ బోల్టు అరిచిందో ఇంట్లో కూర్చుని చెప్పగలదు. మూడు గంటలకు ఆమె తాళాలగుత్తి ఊపుకుంటూ కంప్యూటరు గది గుమ్మంలోకి వచ్చింది.

"పంతులమ్మా! నా బండిని కాల్చినోడు యాడ?"

ప్రేమకుమారి లేచి నిలబడింది. "రా అత్తా, కూర్చో. అది ఆట."

"ఆటైనా పాటైనా బండి నాది గదా. చూపిచ్చు."

చూపించక తప్పలేదు. రత్తమ్మ తెరకు జానెడు దూరంలో ముఖం పెట్టి చూసింది. దెబ్బ సంగతి ఆమె త్వరగానే క్షమించింది. బండి అన్నాక దెబ్బలు తగులుతాయి. ఆమెను మండించింది వేరే సంగతి.

"నా బండి ముందుంటే షబ్బీరు బండికి మూడు లోడ్లు ఎట్టా ఇచ్చావు?"

"నేనివ్వలేదత్తా. చీట్లు వేసి తీసినట్టు పెట్టే తీసిద్ది. ఎవరి పేరొస్తే వాళ్ళకి."

"చీట్లా!" రత్తమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "సంఘంలో చీట్లు ఎప్పుడు పెట్టారమ్మా? మాకు సీరియలు లేదా? నీ మొగుడే గదా రాసేది! ఇంట్లో ఆయన సీరియలు చెప్పటం, ఈడ నువ్వు తప్పించి షబ్బీరుకి ఇయ్యటం! బాగుందే మొగుడూ పెళ్ళాల యవ్వారం!"

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, లేని ఆకాశంలో లేని లోడు కోసం స్టాండులో గొడవ మొదలైంది. షబ్బీరు పాపం మర్యాదస్తుడు. తన లారీకి తానే డ్రైవరు. ఎవరి జోలికీ పోడు. టీ తాగుతున్నవాడి చుట్టూ జనం మూగి, "పైన మూడు లోడ్లు కొట్టావంటగా?" అంటే అతను గ్లాసు కింద పెట్టి, "అల్లా తోడు, నాకు ఒక్క రూపాయి రాలేదన్నా," అన్నాడు. ఆ మాటతో అనుమానం ఇంకా బలపడింది. రాకపోతే ఒట్టెందుకు వేస్తాడు?

ఆదివారం పొద్దున సంఘం రేకుల షెడ్డులో మీటింగు పెట్టారు. ప్రెసిడెంటు అంకమ్మరావు 'పల్నాటి సింహం' ఓనరు. మనిషి భారీ, మాట నెమ్మది. ఆయన అందరూ చెప్పింది విని, మీసం సవరించుకుని తీర్పు చెప్పాడు.

"పైన తప్పిన సీరియలు రేపు కింద తప్పదని గ్యారంటీ ఏంది? సీరియలంటే సీరియలే. భూమ్మీదైనా చుక్కల్లోనైనా ఒకటే. అది సరిచేసేదాకా మంగళవారం నుంచి మాచర్లలో ఒక్క బండి కదలదు."

తీర్మానం రాయాల్సింది గుమాస్తానే కాబట్టి, తన పెళ్ళాం మీద తీర్మానాన్ని సుందరరావే తన చేత్తో రాసుకున్నాడు.

చర్చి నుంచి ఇంటికి వచ్చిన ప్రేమకుమారికి గుమ్మంలో మొగుడు తేలు కుట్టిన దొంగలా కనిపించాడు. సంగతి విని ఆమె పట్టుచీర కొంగు నడుముకు చుట్టింది.

"ఒక్క ముక్క అడుగుతాను. మీకు లారీలు గుర్తుకు రావటానికి సోమవారం దాటేదాకా ఆగకూడదా?"

"తప్పయిందే. ఏం చేద్దాం ఇప్పుడు?"

"ఏం చేస్తాం! సీరియలు పెడతాను. పిలవండి వాళ్ళని. వాళ్ళ ముందే పెడతాను."

హెడ్మాస్టరు రోశయ్య గారికి ఈ సంగతి అప్పుడే అందింది. ఆయనకు రిటైరు కావడానికి ఎనిమిది నెలలే ఉంది. ఆ ఎనిమిది నెలలూ ఏ శబ్దమూ వినకుండా గడపాలని ఆయన కోరిక. డిప్యూటీ గారికి పది నిమిషాలు పెట్టె చూపించి, వెంటనే జీపెక్కించి ఎత్తిపోతల జలపాతానికి తీసుకుపోయి, అక్కడ చేపల పులుసుతో భోజనం పెట్టించి పంపేద్దామని ఆయన ఏర్పాట్లు చేసుకున్నాడు. లారీల బంద్ అనగానే బడికి పరిగెత్తుకొచ్చి, "అమ్మా ప్రేమకుమారీ, వాళ్ళు ఏదడిగితే అది ఆకాశంలో పెట్టెయ్యి తల్లీ," అని దండం పెట్టాడు.

మధ్యాహ్నం కంప్యూటరు గదిలో చాప పరిచారు. అంకమ్మరావు, రత్తమ్మ, షబ్బీరు దాని మీద కూర్చున్నారు. సుందరరావు గోడకు ఆనుకున్నాడు. ప్రేమకుమారి సీరియలు పెట్టింది. అయిపోయిందనుకుంది. ఇల్లు అలకగానే పండగ కాదు గదా!

"చెల్లెమ్మా, రాత్రిళ్ళు డ్రైవరు నిద్రపోడా?" అన్నాడు అంకమ్మరావు. విశ్రాంతి పెట్టింది.

"తిరుగు లోడు లేకుండా బండి ఖాళీగా వచ్చిద్దా? డీజిలు ఎవడబ్బ పోస్తాడు?" అంది రత్తమ్మ. తిరుగు లోడు పెట్టింది.

"చెక్‌పోస్టు లేదక్కా," అన్నాడు షబ్బీరు. "చెక్‌పోస్టు లేకపోతే ఎవరూ నమ్మరు." చెక్‌పోస్టు పెట్టింది.

"చెక్‌పోస్టులో రాజుగారి యుద్ధ ఓడలు ఆగుతాయా, ముందుకి పోతాయా?" అన్నాడు సుందరరావు ఊరుకోలేక. ప్రేమకుమారి ఆయన వైపు చూసిన చూపుకు వేరేవాళ్ళయితే బయటికి నడిచేవాళ్ళు.

"రాజైతే ఎవరికి గొప్ప? లైన్లో రావాల్సిందే," అని రత్తమ్మ తేల్చేసింది.

"ఇంకొకటి," అన్నాడు అంకమ్మరావు. "అమావాస్య నాడు మనం బండి తియ్యం. అది గూడా రాయి."

"ఆకాశంలో అమావాస్య ఏంది అన్నా? బండ్లు చంద్రుడి పక్క నుంచే పోతున్నాయి గదా!"

అందరూ ఆలోచనలో పడ్డారు. షబ్బీరు మెల్లగా అన్నాడు. "అయితే ఇంకా దగ్గర గదా అక్కా. ఇంకా జాగ్రత్తగా ఉండాల."

అమావాస్య కూడా పెట్టింది. పెట్టగానే తెర మీద ఇంగ్లీషులో 'చోటు లేదు' అని వచ్చింది. అసలే ఆ పెట్టె పొట్ట చిన్నది. ఆటంతా అందులో ఒత్తిపెట్టి కూరినట్టుగా ఉంది.

"మన క్రిస్మస్ నాటకంలో చోటు లేదని తలుపేసే సత్రం వాడిలాగా ఉందే నీ పెట్టె," అన్నాడు సుందరరావు. ఎవరూ నవ్వలేదు.

ఒకటి లోపలికి రావాలంటే ఇంకొకటి బయటికి పోవాలి. ప్రేమకుమారి ముందు పేలుళ్ళ చప్పుడు తీసేసింది. విశ్రాంతికి చోటు దొరికింది. తరవాత బాణాసంచా తీసేసింది. చెక్‌పోస్టుకు చోటు దొరికింది. తరవాత యుద్ధ ఓడలు ఒక్కొక్కటీ తీస్తూ పోయింది. ఒక్కోదానికి రెండు మూడు రోజులు కష్టపడింది ఆమె. ఎర్ర రాజుకూ నీలి రాజుకూ కలిపి ఉన్న నలభై ఓడల్లో, సాయంత్రానికి చెరొకటి మిగిలింది. ఆ రెండూ కూడా చెక్‌పోస్టు దగ్గర నాపరాళ్ళ లారీ వెనకాల నిలబడి ఉన్నాయి.

అంకమ్మరావు తృప్తిగా లేచాడు. "ఇప్పుడు న్యాయంగా ఉంది. బండ్లు నడుస్తాయి," అని షబ్బీరును వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. రత్తమ్మ మాత్రం కదల్లేదు. తెర మీద తన లారీ అక్షరం చుక్కల మధ్య నిమ్మళంగా పోతుంటే చూస్తోంది.

"మా ఆయన ఈ బండి కొని ఒక్క ఏడాది నడిపాడమ్మాయ్," అంది. "హైదరాబాదు దాటి పోదామే రత్తీ అనేవాడు. ఇదుగో, ఎంత దూరం పోయిందో చూడు." పమిటతో కళ్ళు తుడుచుకుని, "ఈ పెట్టె ఈడనే ఉంటదిగా?" అని అడిగింది.

"రేపు ఆయన బాగుందంటే ఉంటది అత్తా. లేకపోతే గుంటూరు పోయిద్ది."

యుద్ధం లేని యుద్ధం ఆట చూసి బాగుందని ఎవరంటారు?

సోమవారం ప్యాసింజరు బండి పది నిమిషాలే ఆలస్యంగా వచ్చింది. డిప్యూటీ గారు సన్నగా, ఇస్త్రీ మడత చెడకుండా ఉన్నాడు. కంప్యూటరు గది బయట చెప్పులు చూసి ఆగిపోయాడు. ముప్పై జతలున్నాయి. సంఘం మొత్తం వచ్చేసింది. ఎవరి బండి ఎంతవరకు వచ్చిందో చూసుకోవాలి గదా.

"వీళ్ళంతా ఎవరు?"

"పౌరులు సార్," అన్నాడు రోశయ్య గారు, ఏమనాలో తోచక.

డిప్యూటీ గారిని నీలి రాజుగా కూర్చోబెట్టారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "శత్రువు మీదికి ఓడను పంపాలంటే ఏ మీట?" అని అడిగి, నొక్కాడు. 'ఇంధనం లేదు' అని వచ్చింది. 'ఇంధనం లారీ సీరియల్లో ఏడవది' అని దాని కింద వచ్చింది.

"నేను రాజుని కదమ్మా! ఆర్డరు వేస్తే రాదా?"

ప్రేమకుమారి నోరు తెరిచేలోపల గుమ్మంలోంచి రత్తమ్మ అంది. "రాజైనా మంత్రైనా సీరియలు ప్రకారమే సార్. నా బండి కదలాల, తరవాత షబ్బీరుది. మీరు అట్టా నొక్కమాకండి, మీట పోయిద్ది."

రోశయ్య గారు గోడ పట్టుకున్నాడు. డిప్యూటీ గారు వెనక్కి తిరిగి రత్తమ్మను చూశాడు, మళ్ళీ తెరను చూశాడు. ఆయన జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిచింది. వరసలో ఏడోవాడంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

పన్నెండయింది. బయట ఎత్తిపోతల జీపు హారను కొట్టింది. రోశయ్య గారు, "సార్, జలపాతం..." అన్నాడు. "ఉండండి, నాలుగో బండి కదులుతోంది," అన్నాడు డిప్యూటీ గారు. ఒంటిగంటకు పెరుగన్నం అక్కడికే తెప్పించుకున్నాడు. ఒకటిన్నరకు అమావాస్య వచ్చి బండ్లన్నీ ఆగిపోతే, షబ్బీరును పక్కన కూర్చోబెట్టుకుని అమావాస్య ఎంతసేపుంటుందని అడిగాడు. రెండున్నరకు చెక్‌పోస్టు గేటు లేచింది. ఇంధనం లారీ నీలి రాజు గ్రహం మీద దిగింది.

"వచ్చింది సార్, మీ బండి వచ్చింది!" అని సంఘం మొత్తం చప్పట్లు కొట్టింది. డిప్యూటీ గారు కూడా లేచి నిలబడి కొట్టాడు. వెంటనే కూర్చుని, ఎర్ర రాజు మీద కాల్పులు జరపడానికి మీట నొక్కాడు. ఏమీ జరగలేదు. మళ్ళీ నొక్కాడు.

"బాణాసంచా లేదు సార్," అంది ప్రేమకుమారి. దాచి లాభం లేదు. "పెట్టెలో చోటు చాల్లేదు. లారీలు పెట్టాలంటే యుద్ధం తీసెయ్యాల్సి వచ్చింది."

డిప్యూటీ గారు కళ్ళజోడు తీసి తుడిచాడు. ఫైలు విప్పి, చాలాసేపు రాసి, తలెత్తాడు.

"ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇంత ఉపయోగకరమైన పని నేను చూడలేదు. పాఠ్యపుస్తకాలు ఏ లారీలో ఎక్కడున్నాయో తెలియక మా ఆఫీసులో ఏటా జుట్టు పీక్కుంటున్నాం. ఇదుగో, ఇలాంటిదే కావాలి మాకు!"

రోశయ్య గారికి ప్రాణం లేచి వచ్చింది. ప్రేమకుమారి ముఖం వికసించింది. డిప్యూటీ గారు సంతకం పెట్టి, కలం మూత పెడుతూ ముగించాడు. "ఇంత మంచి యంత్రం ఈ మూల ఎందుకు? గుంటూరులో ఉండాలి. రేపే పంపించెయ్యండి."

చూశారా వరస! పనికిరాదంటే పోతుందన్నారు, పనికొస్తుందన్నా పోతోంది. ప్రేమకుమారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండేళ్ళుగా నడుముకు దోపుకున్న తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. సుందరరావు ఆమె ముఖం చూశాడు. ఇదంతా తన ఆరో ఇడ్లీ దగ్గర మొదలైందని గుర్తొచ్చి ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఎట్టా పంపమంటారు సార్? రైల్లో మీతో తీసుకుపోతారా?" అని అడిగాడు.

"రైల్లోనా? ఆడిట్ ఊరుకుంటుందా! ప్రభుత్వ యంత్రం. చెక్కపెట్టెల్లో సర్ది, లారీలో, లారీ ఆఫీసు రసీదుతో రావాలి. రూలు రూలే."

"రూలు రూలే సార్," అన్నాడు సుందరరావు. "ప్రేమా, సీరియల్లో మొదటి బండి ఏదో చూడవే."

ప్రేమకుమారి కళ్ళు తుడుచుకుని మీట నొక్కింది. తొలి చుట్టు అయిపోయి, తెర మీద మళ్ళీ 'అంకమ్మ తల్లి' పేరే మొదట వచ్చింది. గదిలో అందరూ రత్తమ్మ వైపు తిరిగారు.

రత్తమ్మ తాళాలగుత్తిని చేతిలో ఒకసారి ఊపింది. ముఖంలో ఒక్క నరం కదల్లేదు.

"నా బండికి బరువు మోసే కమాను కట్ట ఇరిగింది సార్."

"బాగు చేయించమ్మా."

"సామాను గుంటూరు నుంచి రావాల సార్."

"తెప్పించు."

"తేవాలంటే బండి పోవాల గదా సార్. బండి ఇరిగింది గదా."

డిప్యూటీ గారు షబ్బీరు వైపు తిరిగాడు. గంటసేపు పక్కన కూర్చుని అమావాస్య సంగతులు చెప్పినవాడు. "నువ్వు తీసుకురావయ్యా."

షబ్బీరు రెండు చేతులూ జోడించాడు. "ముందు బండి కదలకుండా నేను కదిలితే బతకనిస్తారా సార్? పైన మూడు లోడ్లకే నన్ను రెండు రోజులు కాల్చుకు తిన్నారు."

"ప్రెసిడెంటు గారూ?"

అంకమ్మరావు మీసం సవరించుకున్నాడు. "నాది మూడో బండి సార్. పొద్దుటి నుంచి మీరే చూస్తున్నారు గదా. మీరు రాజై ఉండి కూడా ఆగారు. ఆ పెద్దమనసుకి మా సంఘం తరపున దండాలు."

డిప్యూటీ గారు తెర వైపు చూశాడు. రెండున్నర దాకా కూర్చుని, ఆ న్యాయానికి తానే చప్పట్లు కొట్టాడు. ఆయన మెల్లగా ఫైలు మూశాడు.

"సరే. సీరియలు వచ్చినప్పుడే పంపండి," అని లేచి, ముప్పై జతల్లో తన చెప్పులు వెతుక్కుని, మూడున్నర ప్యాసింజరుకు నడిచాడు. ఎత్తిపోతల చూడనే లేదు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా అందరూ గుమ్మంలో నిలబడి చూశారు. ప్రేమకుమారి బల్ల మీది తాళంచెవి తీసి మళ్ళీ నడుముకు దోపుకుంది. తరవాత రత్తమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"అత్తా, నీ బండి పొద్దున్నే మిరపకాయల లోడుతో గుంటూరు పోయింది గదా! నేనే చూశా బడికి వస్తూ."

"అది కింద సీరియలు అమ్మాయ్. ఇది పై సీరియలు. రెండూ ఒకటెట్టా అయితయ్?"

తీర్మానంలో ఒకటేనని రాసిన సుందరరావు కిటికీలోంచి బయటికి చూశాడు. తీర్పు చెప్పిన అంకమ్మరావు తన చెప్పులు వెతుక్కోవడంలో మునిగిపోయాడు.

ఆ తరవాత ప్రతి నెలా మొదటివారంలో గుంటూరు నుంచి యంత్రం ఎందుకు పంపలేదని ఉత్తరం వచ్చేది. రోశయ్య గారు దాన్ని సుందరరావుకు ఇచ్చేవాడు. సుందరరావు సంఘం కాగితం మీద, సంఘం ముద్ర వేసి, 'అంకమ్మ తల్లి బండికి కమాను కట్ట ఇంకా రాలేదు, కావున సీరియలు రాలేదు' అని చక్కటి దస్తూరీతో జవాబు రాసేవాడు.

ఆ జవాబులన్నీ భద్రంగా గుంటూరు చేర్చింది రత్తమ్మ లారీయే.